గీత లేని గంట

సైమి అత్త గుండె నా జేబులో ఉంటుంది.
టాంపెరెలో ట్రామ్ నడుపుతాను నేను.
చివరి స్టాపులో బండి ఆగే ఏడు నిమిషాల్లో
ఫోన్ తీసి చూసుకుంటాను:
అరవై నాలుగు. అరవై ఆరు.
నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు మంచుకి ఆ పక్క,
కుహ్మో దాటాక, సరస్సు ఒడ్డున,
అత్త కాఫీ కాస్తోందన్నమాట.

గడియారం కొన్నది నేనే.
ఒకటి కొంటే రెండోది సగం ధరకిచ్చారు,
అది నా చేతికి.
ఎనభై మూడేళ్ళ మణికట్టుకి పట్టీ ఆఖరి బెజ్జం కూడా వదులై
మేకు కాల్చి ఇంకోటి పొడుచుకుంది.
మొదటి వారమే దాంతో మాటామాటా వచ్చింది.
బురదనేలలో హిల్లా పళ్ళు ఏరుతుంటే
"పడిపోయారా?" అని అడిగిందట.
"పడలేదు, వంగాను.
ఆ తేడా తెలీనిదానివి చేతికెందుకు ఎక్కావే?"

చలికాలం వచ్చాక మరీనూ.
రై పిండి పిసికితే
రెండు వేల అడుగులు నడిచినట్టు రాసుకుంటుంది.
సరస్సు మీద మంచు తొలిచి,
పీట వేసుకుని నాలుగు గంటలు గాలం పట్టుక్కూచుంటే
లేచి నడవమని పోరుతుంది.
"చేప వినేలా గొణగకు" అని
దాన్ని చేతితొడుగులోకి తోసేస్తుంది.
ఇవన్నీ ఫోన్లో చెప్పి నవ్విస్తుంది.

శనివారాల సంగతి మాత్రం ఎత్తదు.

ప్రతి శనివారం ఐదున్నరకి గీత తెగిపోతుంది.
ఆకుపచ్చ గీత, చిన్న చిన్న గుట్టలూ పల్లాలూ,
ఉన్నట్టుండి తెల్ల కాగితం.
సౌనా. నాకు తెలుసు.
ఆ ఆవిరికి యంత్రం ఆగదు,
బయట తువ్వాలు పక్కన మేకుకి తగిలిస్తుంది.
తెలిసినా,
గుండెజబ్బు మనిషి, తడి చెక్క మెట్లు,
లోపల గడియ పెట్టుకునే పాడు అలవాటు.
ఆ గంటన్నర నా ట్రామ్‌లో
ఎవరెక్కారో ఎవరు దిగారో గుర్తుండదు.

ఒక శనివారం ఏడు దాటింది.
ఏడుంబావు.
ఏడున్నర.
మూడు కిలోమీటర్ల అవతలుండే తౌనోకి ఫోన్ చేశాను.
భోజనం మధ్యలో లేచి, పాపం,
మంచుబండి వేసుకుని వెళ్ళి తలుపు బాదాడు.
"ఒంటి మీద బట్టల్లేవు, రాకు!" అని లోపలినుంచి కేక.

ఆ రాత్రి తనే చేసింది.
తిడుతుందనుకున్నాను.
"ఆ బల్ల మీదే మా అమ్మ నన్ను కన్నది" అంది.
"నాన్నని సాగనంపేముందు
అక్కడే కడిగాం.
అక్కడ ఎవరూ నాడి లెక్కపెట్టరు, టుయిరె.
వేడి రాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడు వింటాం. అంతే."

నాకు మాట రాలేదు.
పెట్టేయబోతూ, ఇంకేదో గుర్తొచ్చినట్టు:
"మంగళవారం మూడింటిదాకా పడుకోలేదు నువ్వు.
బుధవారమూ అంతే.
విడాకుల కాగితాలు వచ్చేశాయా?"

గడియారాలు రెంటినీ జతచేసిన రోజున
తలుపు రెండువైపులా తెరిచానని
అప్పటిదాకా నాకు తెలీదు.
వేసవి నుంచీ ఆ వంటింట్లో
భూతద్దం పెట్టుకుని
ఆమె నన్ను చదువుతోంది.
కాగితాల ఊసు నేనెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మూడింటికి మెలకువొస్తే
దుప్పటి కిందే తెర వెలిగిస్తాను.
నాది డెబ్బై ఎనిమిది.
ఆమెది డెబ్బై.
ముసలివాళ్ళకి నిద్ర పట్టదంటారు, అదే కావచ్చు.
కాసేపటికి ఎనభై ఒకటి.
మంచం దిగి పొయ్యిలో కట్టె వేస్తోంది కాబోలు.
ఫోన్ చేసుకోం.

శనివారం ఐదున్నరకి
నా గడియారం కూడా విప్పి
ట్రామ్ అద్దం దగ్గర పెడుతున్నాను.
ఏడయ్యేదాకా
మా ఇద్దరికీ గీత ఉండదు.